కొక్కేనికి తగిలించే పట్టీ

ఎర్రపట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది, వెలుతురుకెత్తి తెగిన దారాల కొసలు చూసింది. చూసి, బ్యాగులు కుట్టే డబుల్‌కుట్టు ఒకే మాట అంది.

"ఇది కొక్కేనికి తగిలించే పట్టీ. బరువెత్తడానికి పెట్టింది కాదు."

ట్రెక్కింగ్ కంపెనీ మేనేజరు ముఖం విప్పారింది. "అదే, అదే నేనూ అంటున్నా! ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండక్కా."

రాసిచ్చింది. ఎందుకివ్వదు? దొరలు కట్టించి వదిలేసిపోయిన ఆ ఊళ్ళో, పాత రాతి వరండాల కింద, మూడో కమాను కొట్టులో ఇరవై రెండేళ్ళుగా బ్యాగులు కుడుతున్న మనిషి. వీపున మూటలతో ఎక్కడెక్కడి నుంచో దిగే నడకగాళ్ళకి జిప్పు పోయినా, భుజం పట్టీ తెగినా, అడుగు చిరిగినా ఆవిడే దిక్కు. భుజం పట్టీకి నాలుగు వరసలు కుట్టి, పైన ఇంటూ గుర్తు వేస్తే గాని మిషన్ ఆపదు. ఆ పేరు అందుకే వచ్చింది. కొట్టు ముందు రేకు బోర్డు మీద "కుట్టు ఊడదు" అని రాయించుకుంది కూడా. అలాంటి మనిషి ముందు ఊడిన పట్టీ పడేసి "మీ కుట్టే కదూ?" అంటే ఒళ్ళు మండదూ?

జరిగింది ఇది. ఊరికి నాలుగు గంటల బస్సు దూరంలో పెద్ద లోయ ఉంది. అందులోకి దిగుతూండగా కంపెనీ బ్యాగు ఒకటి మోత మనిషి చేతిలోంచి పోయి, రాళ్ళ మీద పడి దొర్లి ఏట్లో కలిసింది. చేతిలో ఈ ఎర్రపట్టీ మాత్రం మిగిలింది. ఆ సమయానికి కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. శనివారం చెక్‌పోస్టులో విచారణ. తప్పు మోత మనిషిదని తేలితే మెళ్ళో అనుమతి బిళ్ళ తీసేసుకుంటారు. బిళ్ళ లేకపోతే ఇక ఆ లోయలో మూట ముట్టుకోనివ్వరు.

"ఎవరా మనిషి?" సంతకం పెడుతూ అడిగింది.

"నిదానం అంటారే, పొట్టిగా ఉంటుంది, ఆవిడ."

డబుల్‌కుట్టు చెయ్యి ఆగింది. నిదానం తెలియకపోవడమేమిటి? పదకొండేళ్ళుగా మూటలు మోస్తోంది. ఒక్కసారైనా కాలు జారిందని ఎవరూ చెప్పుకోలేదు. కానీ సంతకంలో సగం అప్పటికే పడిపోయింది. మిగతా సగం కూడా పెట్టేసి కాగితం ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే నిదానం కొట్టు మెట్లెక్కింది. దెబ్బలాటకి వచ్చిందనుకుని డబుల్‌కుట్టు గొంతు సవరించుకుంది. పక్కన గుడ్డ కత్తిరిస్తున్న ఆడపడుచు కూడా కత్తెర కింద పెట్టి కొంగు బిగించింది. ఈ ఆడపడుచు చేత్తో గుడ్డనీ నోటితో మనుషుల్నీ ఒకే తీరున కత్తిరించగలదు. ఆ కొట్టుకి వచ్చేవాళ్ళు సగం మంది ఆవిడ మాటల కోసమే వస్తారు.

నిదానం దెబ్బలాడలేదు, ఏడవలేదు. మెళ్ళో బిళ్ళ వేళ్ళతో తడుముకుంటూ నిలబడింది.

"మీరు రాసిచ్చింది నాకు చదివి వినిపించారక్కా."

"ఉన్నదే రాశానమ్మా. ఆ పట్టీ ఎందుకో చూడు." డబుల్‌కుట్టు వెనక గోడ చూపించింది. గోడ నిండా కొక్కేలు. ప్రతి కొక్కేనికీ ఒక ఖాళీ బ్యాగు, నెత్తిమీది పట్టీతో బుద్ధిగా వేలాడుతోంది.

నిదానం ఆ బ్యాగుల వంక చూసింది. "మరి ఇరుకు దగ్గర దేంతో దించమంటారు?"

"ఏ ఇరుకు?"

"ఇరుకక్కా! సగం దారిలో..." నిదానం మాట ఆపి ఆవిడ ముఖంలోకి చూసింది. "మీరసలు లోయలోకి దిగలేదా, ఎప్పుడూ?"

దిగలేదు. బ్యాగు అడుక్కి అంటిన మట్టి చూసి ఏ దారిన వెళ్ళొచ్చిందో చెప్పగలదు. ఎర్రమట్టయితే పై దారి, బూడిద రంగయితే ఏటి ఒడ్డు. అంతవరకే. 

"మీకు తెలుసనే అనుకున్నాం అందరం," అంది నిదానం. "తెలీదని ఎవరనుకుంటారు?"

మెట్లు దిగబోతున్న మనిషిని డబుల్‌కుట్టు వెనక్కి పిలిచింది. "శనివారం కదా విచారణ? శుక్రవారం నన్ను తీసుకెళ్ళి ఆ ఇరుకేదో చూపించు."

ఆడపడుచు నోరు తెరిచింది. "వదినా! పోస్టాఫీసు మెట్లెక్కేలోపు రెండుసార్లు కూలబడతావు. నువ్వు లోయ దిగుతావా?"

"దిగుతా."

"దిగితే సరిపోదు, ఎక్కడం కూడా ఉంటుందిట."

"ఎక్కుతా."

"రాసిచ్చేశావు. రాసిందాంట్లో అబద్ధం కూడా లేదు. మళ్ళీ ఎందుకే తల్లీ నీకీ పీకులాట?"

"అబద్ధం ఉందో లేదో చూసొస్తా," అని డబుల్‌కుట్టు మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ పూట మూడు సూదులు విరిగాయి.

గురువారం ఆవిడ మూట కట్టుకుంది. జిప్పు మరమ్మతుకొచ్చిన కంపెనీ బ్యాగు ఒకటి కొట్లో ఉంది. దానికీ ఎర్రపట్టీయే. కిందటేడు కంపెనీ వాళ్ళు పన్నెండు బ్యాగులు తెచ్చి, బస్సు టాపు మీద మా సామాను ఇట్టే తెలియాలి, పాత నల్లపట్టీలు తీసేసి ఎర్రవి వెయ్యండన్నారు. వేసింది. అన్నిటికీ ఒక్క వరస. కొక్కేనికి వేలాడే ఖాళీ సంచీకి నాలుగు వరసలు వేస్తే దారం దండగ కాదూ? ఆ రోజు అలాగే అనుకుంది.

ఏట్లో పోయిన బ్యాగు పద్ధెనిమిది కిలోలు ఉండేదని నిదానం చెప్పింది. డబుల్‌కుట్టు మూలనున్న పాత మిషన్ దగ్గరికి వెళ్ళి, మరలు విప్పి, ఇనుప తలకాయ బల్ల మీంచి లేపింది. అత్తగారి మిషన్ అది. దాని మీదే పని నేర్చుకుంది. ఇప్పటికీ మందం గుడ్డ దాని మీదే కుడుతుంది.

"మిషన్‌కి ఊరు చూపిస్తావా?" ఆడపడుచు నవ్వబోయి, వదిన ముఖం చూసి మానేసింది. పాత పరదా గుడ్డ రెండు మడతలు తనే తెచ్చి మిషన్ చుట్టూ కూరింది. మోకాళ్ళకి రాసుకునే తైలం సీసా పక్క జేబులో పెట్టింది. డబుల్‌కుట్టు చేతికుట్టు సామాను, అంటే చెప్పులు కుట్టేవాళ్ళ ఆరె, లావు సూదులు, మైనం పట్టించిన దారం, డబ్బాలో వేసుకుంది.

బ్యాగు వీపుకెత్తుకుని వరండా దాటేసరికే ఆవిడకి ఒక సంగతి తెలిసొచ్చింది. భుజం పట్టీలో బకిల్ మెడనరం మీద కూర్చుంటోంది. అక్కడ కుట్టింది తనే. వేలెడు కిందికి కుట్టి ఉంటే హాయిగా ఉండేది. బస్టాండుకి పోయే గుండ్రాళ్ళు పరిచిన వీధిలో అడుగడుక్కీ ఆ బకిల్ గుచ్చుతూనే ఉంది. పూర్వం గవర్నరు బంగళా అయిన పోస్టాఫీసు ముందు ఆగి, ఎత్తయిన స్తంభానికి చేరగిలబడి ఊపిరి తీసుకుంది.

"అక్కా! నువ్వూ టూరిస్టువైపోయావా?" పేపర్ల బంకు అతను కేకేశాడు. "మ్యాపు కావాలా?"

"ముందు నీ బంకు రేకు సరిచేసుకో, నెత్తిన పడేలా ఉంది," అంది రొప్పుతూనే.

ఇద్దరు నడకగాళ్ళు, వాళ్ళ వీపుల మీదా ఇంతింత మూటలు, ఆవిడని చూసి తమ మనిషే అనుకుని చెయ్యి ఊపారు. వాళ్ళలో ఒకడి బ్యాగు పట్టీ తను కుట్టిందే. దూరం నుంచే ఆ ఇంటూ గుర్తు పోల్చుకుంది. ఇంకో రోజైతే పొంగిపోయేది. ఆ రోజు మాత్రం ఆ అబ్బాయి నెత్తివెనక పట్టీ కేసి చూసింది. అది ఎవరు కుట్టారో, ఎన్ని వరసలో అంత దూరం నుంచి కనబడలేదు.

శుక్రవారం తెల్లవారగానే ఇద్దరూ లోయ అంచున ఉన్నారు. చెక్‌పోస్టు ముల్లు త్రాసు మీద బ్యాగు పద్ధెనిమిదిన్నర తూగింది. నిదానం తను మోస్తానంది. ఇవ్వలేదు.

లోయ ఎంత లోతంటే, కింద ఏరు నేల మీద పడ్డ దారప్పోగులా ఉంది. దారి ఒక పక్క కొండనానుకుని, ఇంకో పక్క ఏ ఆధారమూ లేకుండా, మలుపు మీద మలుపుగా దిగుతోంది. మొదటి గంటలో ఆవిడ మోకాళ్ళు వణికాయి. రెండో గంటలో వణుకు తొడలకెక్కింది.

"ఒట్టి మడమ ఆనించకండక్కా, పాదం మొత్తం పెట్టండి. దూరం చూడకండి, నా కాళ్ళు చూడండి."

డబుల్‌కుట్టు ఆ కాళ్ళే చూస్తూ దిగింది. నిదానం ఒక రాయి మీద కొంచెం బరువు వేసి, అది కదలదని తెలిశాకే రెండో కాలు తీస్తోంది. ప్రతి రాయికీ అంతే. పదకొండేళ్ళు నడిచిన దారైనా ఏ రాయినీ మాటవరసకి కూడా నమ్మడం లేదు. ఇలాంటి మనిషినా తను అజాగ్రత్త మనిషని కాగితం మీద తేల్చేసింది? ఆ మాట రాయలేదు నిజమే. కానీ మేనేజరుకి కావలసింది అదేనని తెలిసే రాసింది. ఎండ ఇంకా రాకముందే ఆవిడ ముఖం వేడెక్కింది.

ఇరుకు చేరేసరికి బాగా పొద్దెక్కింది. దారి ఒక బండ పగులులోకి దూరింది. మనిషి పక్కకి తిరిగితే పట్టేంత వెడల్పు. లోపల రెండు నిలువుల లోతుకి రాతిలో దిగేసిన ఇనుప కడ్డీలే మెట్లు. మెట్ల చివర బల్లంత చోటు, ఆ తర్వాత గాలి, ఏరు.

"వీపున మూటుంటే పట్టం," అంది నిదానం. "ఒకళ్ళు ముందు దిగి మధ్య కడ్డీ మీద నిలబడతారు. పైనవాళ్ళు మూట కిందికి వేలాడదీస్తారు. భుజం పట్టీ పట్టుకుంటే అడ్డం తిరిగి రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. నెత్తిమీది పట్టీ పట్టుకుంటేనే నిలువుగా దిగుతుంది. ఆ రోజు పైన ఉన్నది నేనే. కింది మనిషి ముందు మూట దారి మీద పెట్టి తిరిగొచ్చేలోపే తెగింది."

"తాడు కట్టుకోవచ్చుగా?"

"మొదట్లో కట్టేవాళ్ళం. ఒక్కో మూటకి పావుగంట పట్టేది. కంపెనీ వద్దంది. అతిథులు దిగేసరికి గుడారాలు వేసుండాలి, పొయ్యి వెలిగుండాలిట. నల్లపట్టీలు ఎంత బరువైనా ఆగేవక్కా, మేమూ పట్టించుకోలేదు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని డబుల్‌కుట్టుకి అనిపించింది.

బ్యాగు దించి బండ మీద మోకాళ్ళేసింది. "నువ్వు దిగి నిలబడు. నేను అందిస్తా."

"ఏముందిందులో, ఇంత గట్టిగా తగులుతోంది?"

"మిషను."

"కుట్టు మిషనా!" నిదానం గుండె మీద చెయ్యి వేసుకుంది. "మతి పోయిందా అక్కా? రాళ్ళేసుకుని రావచ్చుగా!"

"రాళ్ళయితే పడితే పడనీ అనుకుంటా. దిగు."

నిదానం దిగింది. మధ్య కడ్డీ మీద నిలబడి, ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాచింది. డబుల్‌కుట్టు ఎర్రపట్టీని గుప్పిట్లో బిగించి బ్యాగుని అంచు దాటించింది. బరువంతా ఒక్కసారి పట్టీ మీదికి వచ్చింది.

మొదటి దారం తెగిన చప్పుడు చెవికి వినబడలేదు. వేలికి తెలిసింది. దారం బిగువు చూడ్డంలో ఆ వేళ్ళకి ఇరవై రెండేళ్ళ అనుభవం. రెండోది తెగింది. పట్టీ మూల గుడ్డ మీంచి గింజంత పైకి లేచింది. సరిగ్గా దాని కింద నిదానం ముఖం ఉంది.

"పక్కకి జరుగు!"

"ఎక్కడికి జరగనక్కా?"

అటు రాయి, ఇటు రాయి. జరగడానికి చోటెక్కడుంది? డబుల్‌కుట్టు బొక్కబోర్లా పడుకుని ఎడమచెయ్యి దూర్చింది. నాలుగు వరసల భుజం పట్టీ దొరికింది. దాన్ని పట్టుకుని, పళ్ళు బిగించి, బ్యాగుని రాతికి రాపాడిస్తూ పైకి లాగి, రొమ్ముకి అదుముకుని అలాగే పడిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది. మిషన్ సంగతి గుర్తుకే రాలేదు.

నిదానం ఎక్కి వచ్చి పక్కన కూర్చుంది. "తెగలేదు కదక్కా."

"తెగేది. నీ నెత్తినే పడేది." డబుల్‌కుట్టు కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదమ్మా. కొట్లో కూర్చుని గోడ చూసుకుంటూ కుట్టాను."

నిదానం కాదనలేదు. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. తాగి, లేచి కూర్చుని, డబుల్‌కుట్టు డబ్బా తెరిచింది. పాత కుట్టు విప్పేసింది. నిదానం గుడ్డని బిగించి పట్టుకుంటే, ఆరెతో బెజ్జం చేసి, అటునుంచొక సూది ఇటునుంచొక సూది దూర్చి, దారం కొస పంటితో బిగలాగుతూ కుట్టింది. ఒక వరస. రెండు. మూడు. నాలుగు. పైన ఇంటూ గుర్తు.

ఆఖరి ముడి వేస్తూండగా పైనుంచి అడుగుల చప్పుడైంది. ముగ్గురు మోత మనుషులు, మూడు బ్యాగులు, మూడు ఎర్రపట్టీలు.

"అమ్మా, దారి," అన్నాడు ముందున్న పెద్దాయన.

"దారివ్వను. బ్యాగివ్వు."

"ఏమిటిది, పట్టపగలు దోపిడీయా?" వెనకాయన నవ్వాడు.

"ఆ పట్టీ కుట్టింది నేనే. ఆగదు. కుట్టిచ్చేదాకా ఒక్క మూట కూడా ఇందులో దిగదు."

"కింద పొయ్యి వెలక్కపోతే మేనేజరు మా ప్రాణం తీస్తాడమ్మా!"

"నావల్ల లేటయ్యిందని చెప్పు. నా కొట్టు ఎక్కడుందో ఆయనకి బాగా తెలుసు." ఇరుకుకి అడ్డంగా కాళ్ళు బారజాపి కూర్చుంది. "వాదిస్తూ కూర్చుంటే ఇంకా లేటవుతుంది. ఇలా తే."

పెద్దాయన నిదానం వైపు చూశాడు. నిదానం తిరిగి కుట్టిన ఎర్రపట్టీని, పాత కుట్టులోంచి తీసిన దారప్పీలికల్ని చూపించింది. ఆయన మూట దించాడు. మూడు పట్టీలూ అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, ఆవిడ చూపుడువేలు చిట్లి రక్తం చిమ్మింది.

తన బ్యాగు తనే దించింది. పట్టీ కదలలేదు. వచ్చినదాన్ని ఏరు చూడకుండా పోతానా అని కింది దాకా నడిచి, నీళ్ళలో చేతులు కడుక్కుని, అప్పుడు ఎక్కడం మొదలుపెట్టింది. ఆ ఎక్కడం గురించి చెప్పకపోవడమే మర్యాద. తల ప్రాణం తోకకొచ్చింది. ఆడపడుచు ఇచ్చిన తైలం సీసా అంచు చేరకముందే ఖాళీ అయింది.

శనివారం చెక్‌పోస్టు గదిలో బల్ల వెనక అధికారి, పక్క కుర్చీలో మేనేజరు, గోడవార నిదానం. బిళ్ళ అప్పటికే బల్ల మీద ఉంది. డబుల్‌కుట్టు గోడ పట్టుకుని నడుస్తూ లోపలికొచ్చింది.

"రండక్కా, రండి! మీరు రానక్కర్లేదే, కాగితం ఉందిగా," అన్నాడు మేనేజరు.

"ఆ కాగితం చించెయ్యండి," అంది అధికారితో.

"సంతకం ఉన్నది చించకూడదమ్మా. చెప్పేదేమైనా ఉంటే కింద రాయండి."

నిలబడే రాసింది. కూర్చుంటే లేవలేనని భయం. పైన రాసింది తప్పు, అని మొదలుపెట్టింది. ఇరుకు దగ్గర మూట ఆ పట్టీతోనే దించుతారు, వేరే దారి లేదు, నేను ఎప్పుడూ వెళ్ళి చూడలేదు, ఎవర్నీ అడగలేదు, ఒక్క వరసే కుట్టాను. అక్కడికి వచ్చి ఆగింది. తర్వాతి మూడు మాటలు ఆవిడ ఈ జన్మలో అనలేదు, రాయలేదు. నా కుట్టు ఊడింది. రాసి, సంతకం మొత్తం ఒకేసారి పెట్టేసింది.

మేనేజరు తొంగి చూసి గొంతు తగ్గించాడు. "ఆలోచించుకోండక్కా. మా బ్యాగులు ఇక మీ కొట్టు గడప తొక్కవు. ఈ మాట ఊళ్ళో పాకితే మిగతా వాళ్ళూ రారు."

"రాకపోతే మానె. కానీ నేను కుట్టినవి పన్నెండు. ఒకటి ఏట్లో పోయింది. నాలుగు నిన్న బాగుచేశాను. ఇంకా ఏడున్నాయి. అవి పంపించి, ఆ తర్వాత మానేయండి."

"ఏడా?" అధికారి తల ఎత్తాడు. మేనేజరుని చూశాడు. "తాడు వాడద్దన్నది ఎవరండీ?"

మేనేజరు చెయ్యి జేబులోకి పోయింది, బయటికొచ్చింది, మళ్ళీ జేబులోకే పోయింది. అధికారి కలం తీసి, కుట్టు పడేదాకా ఆ ఏడూ గేటు దాటకూడదనీ, ఇక మీదట ఇరుకులో తాడు లేకుండా మూట దించకూడదనీ రాశాడు. తర్వాత బిళ్ళని బల్ల మీద ముందుకి తోశాడు. నిదానం వచ్చి తీసుకుని, తాడు చిక్కు విప్పుకుని, మెళ్ళో వేసుకుంది. ఎవరికీ దణ్ణం పెట్టలేదు. పెట్టనందుకు డబుల్‌కుట్టుకి సంతోషమేసింది.

ఏడు బ్యాగులూ చెక్‌పోస్టు జీపులో వచ్చాయి, కుట్టించుకుని వెళ్ళిపోయాయి. ఆ తర్వాత కంపెనీ నుంచి ఏమీ రాలేదు. మేనేజరు అన్నట్టే మాట పాకింది. కొన్ని కొక్కేలు ఖాళీగా ఉన్నాయి.

"వదినా, బోర్డు మీద ఆ ముక్క చెరిపెయ్యనా?" ఆడపడుచు ఒక రోజు మెల్లిగా అడిగింది. వెటకారం లేకుండా ఆవిడ మాట్లాడడం అదే మొదటిసారి.

"ఉండనీ. అది చూస్తే భయమేస్తోంది. నాకిప్పుడు అదే కావాలి."

ఆ మధ్యాహ్నం నిదానం తన సొంత బ్యాగు తెచ్చింది, నెత్తిమీది పట్టీ మార్చమని. మోత మనుషులు అలా సొంత సామాను తేవడం లేదా అంటే ఉంది, కానీ ఆ వారం ఆవిడే మొదలు. డబుల్‌కుట్టు అత్తగారి మిషన్ మీద కుట్టి, దారం తెంపి, అలవాటుకొద్దీ కొక్కేనికి తగిలించబోయి ఆగింది. బ్యాగు నిదానం చేతికే ఇచ్చింది.

నిదానం పట్టీని తిరగేసి చూసింది. "ఎన్ని వరసలక్కా?"

"నాలుగు."

"లాగి చూడనా?"

ఆడపడుచు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆ కొట్లో ఆ మాట అని, మర్యాదగా మెట్లు దిగినవాళ్ళు లేరు.

"చూడు," అంది డబుల్‌కుట్టు.

నిదానం బ్యాగుని నేల మీద పెట్టి, రెండు కాళ్ళూ దాని మీద వేసి, పట్టీ రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఇంకా గట్టిగా లాగు. ఊడితే నాకే చెప్పు."